ఇంగ్లీషు వాక్యంలో కర్తను వర్ణించే రిలెటివ్ క్లాజు: అమరిక, తప్పులు, దిద్దుబాట్లు

హూ ఎక్కడ వాడాలి, విచ్ ఎక్కడ వాడాలి అన్న సూత్రం చాలామందికి బడిలోనే వచ్చి ఉంటుంది. అయినా "నిన్న వచ్చిన ఆడిటరు మా ఊరివాడు" వంటి మామూలు మాటను ఇంగ్లీషులో రాయబోతే వాక్యం మధ్యలో తెగిపోవడమో, చివరకు రావలసిన క్రియ కనిపించకుండా పోవడమో జరుగుతోందని, దీన్ని ఎలా సరిదిద్దుకోవాలని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. అందుకే ఈ మార్గదర్శిని ఒక్క పనికే పరిమితం చేశాను: కర్తగా ఉన్న నామవాచకం పక్కన రిలెటివ్ క్లాజును, అంటే హూ, విచ్ వంటి మాటతో మొదలై ఆ నామవాచకాన్ని వర్ణించే ఉపవాక్యాన్ని, చేర్చి, అది ముగిసిన తరువాత ప్రధాన క్రియ దగ్గరకు తప్పిపోకుండా తిరిగి రావడం.

నా దృష్టిలో అసలు కష్టం హూ, విచ్ వంటి సర్వనామం ఎంపికలో లేదు, ఆ తిరిగి రావడంలోనే ఉంది. తెలుగులో వర్ణన అంతా నామవాచకానికి ముందే ముగిసిపోతుంది కనుక కర్తకూ క్రియకూ మధ్య ఆ వర్ణన అడ్డు రాదు. ఇంగ్లీషులో వర్ణన నామవాచకం తరువాత వస్తుంది కనుక కర్త ఒక ఒడ్డున, క్రియ మరో ఒడ్డున నిలబడతాయి.

ఉదాహరణలలో రెండు ఏటవాలు గీతల మధ్య ఉన్న భాగమే రిలెటివ్ క్లాజు. ఆ గీతలు చూపడానికి మాత్రమే, వాక్యంలో రాయకూడదు.

1. ముందు పని: తెలుగు వాక్యాన్ని రెండుగా విడదీయడం

"నిన్న మన ఆఫీసుకు వచ్చిన ఆడిటరు మా ఊరివాడు" అన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా ఇంగ్లీషులోకి మార్చడానికి ప్రయత్నించవద్దు. అందులో రెండు సంగతులు ఉన్నాయి. ఆడిటరు మా ఊరివాడు అన్నది ఒకటి, ఆడిటరు నిన్న మన ఆఫీసుకు వచ్చాడు అన్నది రెండవది. ముందుగా ఈ రెండింటినీ విడివిడిగా, పూర్తి వాక్యాలుగా ఇంగ్లీషులో రాయండి.

- ప్రధాన వాక్యం: "ది ఆడిటర్ ఈజ్ ఫ్రమ్ మై విలేజ్."
- వర్ణన వాక్యం: "ది ఆడిటర్ కేమ్ టు అవర్ ఆఫీస్ యెస్టర్డే."

ఏది ప్రధానం, ఏది వర్ణన అన్నది మీరు ఎదుటివారికి కొత్తగా ఏం చెప్పదలచుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎవరి గురించి మాట్లాడుతున్నామో గుర్తుపట్టడానికి పనికివచ్చేది వర్ణన. కొత్తగా చెప్పేది ప్రధాన వాక్యం. రెండింటినీ తారుమారు చేస్తే వ్యాకరణం చెడదు కానీ "మా ఊరివాడైన ఆడిటరు నిన్న వచ్చాడు" అని వేరే కబురు అవుతుంది.

ఈ దశలో రెండు విషయాలు గమనించాలి. మొదటిది, "ఆడిటరు మా ఊరివాడు" అన్న తెలుగు వాక్యంలో క్రియ లేదు, ఉండనక్కరలేదు. ఇంగ్లీషులో "ఈజ్" లేకుండా అది వాక్యమే కాదు. విడదీసి రాసినప్పుడే ఆ క్రియను పెట్టేస్తే, తరువాత అది జారిపోయే ప్రమాదం తగ్గుతుంది.

రెండవది, తెలుగులో "కు" చేరిన మనిషి చాలాసార్లు ఇంగ్లీషులో కర్త అవుతాడు. "ఆ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు" అన్నది "ద గర్ల్ నోజ్ ఇంగ్లిష్" అవుతుంది. కాబట్టి "ఇంగ్లీషు వచ్చిన అమ్మాయి" అన్నప్పుడు "ద గర్ల్ / హూ నోజ్ ఇంగ్లిష్ /" అని రాయాలి. "వచ్చిన" అన్న మాట కనబడింది కదా అని "కేమ్" వైపు వెళ్లకూడదు.

అమరికకు ముందు చూసుకోవలసినవి:

- రెండు వాక్యాలలోనూ ఒకే మనిషి, లేదా ఒకే వస్తువు ఉన్నదా?
- ఆ మనిషి ప్రధాన వాక్యంలో కర్త స్థానంలో ఉన్నాడా?
- ప్రధాన క్రియ కింద గీత గీశారా?
- వర్ణన వాక్యంలో అదే మనిషి కర్తగా ఉన్నాడా, కర్మగా ఉన్నాడా, లేక టు, ఇన్, ఫ్రమ్ వంటి మాట వెనుక ఉన్నాడా?

నాలుగవ ప్రశ్నకు జవాబు తెలియకుండా సర్వనామం ఎంచుకోవడం గుడ్డిలెక్కే.

2. అమరిక క్రమం

1. ప్రధాన వాక్యాన్ని పూర్తిగా రాయండి.
2. కర్త ముగిసిన వెంటనే, క్రియకు ముందు, చేతి వెడల్పంత ఖాళీ వదలండి.
3. వర్ణన వాక్యంలో రెండోసారి వచ్చిన ఆ నామవాచకాన్ని కొట్టివేసి, దాని స్థానంలో హూ, విచ్, దట్ లలో తగినదాన్ని పెట్టండి.
4. ఆ సర్వనామాన్ని వర్ణన వాక్యం మొదటికి తీసుకురండి.
5. తయారైన క్లాజును రెండవ మెట్టులో వదిలిన ఖాళీలో పెట్టండి.
6. క్లాజును వేలితో కప్పి, మిగిలినదాన్ని చదవండి.

మన ఉదాహరణ ఇలా తయారవుతుంది: "ది ఆడిటర్ / హూ కేమ్ టు అవర్ ఆఫీస్ యెస్టర్డే / ఈజ్ ఫ్రమ్ మై విలేజ్."

ఆరవ మెట్టును ఎవరూ దాటవేయవద్దు. వేలితో కప్పినప్పుడు "ది ఆడిటర్ ఈజ్ ఫ్రమ్ మై విలేజ్" అని లోపం లేని వాక్యం మిగలాలి. మిగలకపోతే తప్పు ప్రధాన వాక్యంలో ఉంది. క్లాజును ఎంత సవరించినా ప్రయోజనం ఉండదు. తరువాత వేలు తీసి క్రియలు లెక్కపెట్టండి. క్లాజు లోపల కాలం తెలిపే క్రియ ఒకటి, బయట ఒకటి తప్పనిసరిగా ఉండాలి.

3. సర్వనామం ఎంపిక

మనుషులకు హూ, వస్తువులకు విచ్, కామాలు లేని క్లాజులలో రెండింటికీ దట్. ఇంతవరకు అందరికీ తెలిసినదే. సందేహాలు వచ్చేది ఆ తరువాతనే.

"నన్ను పిలిచిన టీచరు", "నేను పిలిచిన టీచరు" అన్న రెండు మాటలను పోల్చండి. "పిలిచిన" అన్న రూపం రెండింటిలోనూ ఒకటే. పిలిచింది ఎవరో మనకు "నన్ను", "నేను" అన్న మాటలు చెబుతున్నాయి. ఇంగ్లీషులో ఆ పని మాటల వరుస కూడా చేస్తుంది.

- "ద టీచర్ / హూ కాల్డ్ మి / ఈజ్ ఇన్ ద స్టాఫ్ రూమ్." పిలిచింది టీచరు.
- "ద టీచర్ / హూమ్ ఐ కాల్డ్ / ఈజ్ ఇన్ ద స్టాఫ్ రూమ్." పిలిచింది నేను.

సర్వనామం వెనువెంటనే క్రియ ఉంటే ఆ సర్వనామమే క్లాజుకు కర్త. సర్వనామం తరువాత ఐ, వి, మై ఫాదర్ వంటి మరొక కర్త ఉంటే ఆ సర్వనామం క్లాజుకు కర్మ. రెండవ రకంలో హూమ్ గ్రాంథికంగా వినిపిస్తుంది కనుక మాటల్లో హూ, దట్ ఎక్కువగా వాడతారు, లేదా మొత్తానికే వదిలేస్తారు: "ద టీచర్ / ఐ కాల్డ్ / ఈజ్ ఇన్ ద స్టాఫ్ రూమ్."

ఈ వదిలేసే సౌకర్యం మొదటి రకానికి లేదు. "ద టీచర్ కాల్డ్ మి ఈజ్ ఇన్ ద స్టాఫ్ రూమ్" అన్నది తప్పు, ఎందుకంటే చదివేవాడు "కాల్డ్"ను ప్రధాన క్రియ అనుకుని, "ఈజ్" దగ్గరకు వచ్చేసరికి వెనక్కి తిరగవలసి వస్తుంది.

సర్వనామాన్ని ముందుకు తెచ్చాక పాత చోట దాని ప్రతినిధిని మిగల్చకూడదు. "ద టీచర్ హూమ్ ఐ కాల్డ్ హిమ్" అన్నప్పుడు హూమ్, హిమ్ రెండూ ఒకే మనిషి. "హిమ్" కొట్టివేయండి.

సంబంధాన్ని తెలిపేది హూజ్. "కొడుకు అమెరికాలో ఉన్న ఆ పెద్దాయన మా ఇంటి ఓనరు" అన్న వాక్యంలో "ఆ పెద్దాయన కొడుకు" అన్న సంబంధం పైకి కనబడదు, మనం ఊహించుకుంటాం. ఇంగ్లీషులో దాన్ని బయటపెట్టాలి: "ది ఓల్డ్ మ్యాన్ / హూజ్ సన్ ఈజ్ ఇన్ అమెరికా / ఈజ్ అవర్ ల్యాండ్‌లార్డ్." హూజ్ తరువాత నామవాచకం నేరుగా రావాలి, మధ్యలో "ద", "హిజ్" వంటివి రావు. వస్తువులకు కూడా హూజ్ నిక్షేపంగా వాడవచ్చు: "ద రూమ్ / హూజ్ రూఫ్ ఈజ్ లీకింగ్ / ఈజ్ లాక్డ్." గదికి హూజ్ వాడడం తప్పని కొందరు పట్టుబడతారు కానీ ఆ పట్టుదలకు ఆధారం లేదు.

4. తెలుగులో దాగి, ఇంగ్లీషులో తప్పక కనబడవలసిన విభక్తి

తెలుగువారు చేసే తప్పులలో ఇది అన్నిటికంటే లోతైనది. పాఠ్యపుస్తకాలు దీని మీద తగినంత సమయం వెచ్చించవని నాకు అనిపిస్తుంది.

"నేను తిన్న పళ్లెం బల్ల మీద ఉంది" అంటే పళ్లేన్ని తిన్నానని ఎవరూ అనుకోరు. పళ్లెం"లో" తిన్నానని అర్థం. వర్ణనగా మారినప్పుడు ఆ "లో" అన్న విభక్తి మాయమవుతుంది, అయినా అర్థం నిలుస్తుంది. ఇంగ్లీషు ఈ వెసులుబాటు ఇవ్వదు. "ద ప్లేట్ ఐ ఏట్ ఈజ్ ఆన్ ద టేబుల్" అంటే పళ్లేన్నే నమిలి మింగినట్టు.

దిద్దుబాటు ఒకటవ అంశంలోనే ఉంది. వర్ణన వాక్యాన్ని పూర్తిగా రాయాలి: "ఐ ఏట్ ఫ్రమ్ ద ప్లేట్." ఇందులో నుంచి "ద ప్లేట్" అన్నదాన్ని మాత్రమే తీసివేయాలి. "ఫ్రమ్" తన చోటనే ఉండిపోవాలి.

- నేను తిన్న పళ్లెం: "ద ప్లేట్ / ఐ ఏట్ ఫ్రమ్ / ఈజ్ ఆన్ ద టేబుల్."
- మేము ఉన్న ఇల్లు అమ్మేశారు: "ద హౌస్ / వి లివ్డ్ ఇన్ / హ్యాజ్ బీన్ సోల్డ్."
- నేను మందులు కొన్న షాపు ఈరోజు మూసి ఉంది: "ద షాప్ / ఐ బాట్ ద మెడిసిన్స్ ఫ్రమ్ / ఈజ్ క్లోజ్డ్ టుడే."
- నేను మాట్లాడిన ఆఫీసరు సెలవులో ఉన్నారు: "ది ఆఫీసర్ / ఐ స్పోక్ టు / ఈజ్ ఆన్ లీవ్."
- మేము ఎదురుచూస్తున్న రైలు ఆలస్యంగా నడుస్తోంది: "ద ట్రైన్ / వి ఆర్ వెయిటింగ్ ఫర్ / ఈజ్ రన్నింగ్ లేట్."

క్లాజు చివర టు, ఫ్రమ్, ఫర్ వేలాడుతూ ఉండటం అసహ్యంగా ఉందనిపిస్తే, దరఖాస్తుల వంటి లాంఛనమైన రాతలో దాన్ని ముందుకు తీసుకురావచ్చు: "ది ఆఫీసర్ / టు హూమ్ ఐ స్పోక్ / ఈజ్ ఆన్ లీవ్." అప్పుడు మనుషులకు హూమ్, వస్తువులకు విచ్ మాత్రమే వాడాలి. "టు దట్", "టు హూ" అన్నవి నిలబడవు, సర్వనామాన్ని వదిలేయడమూ కుదరదు.

చోటును తెలిపే పేర్లకు వేర్ వాడే మార్గం కూడా ఉంది: "ద షాప్ / వేర్ ఐ బాట్ ద మెడిసిన్స్ / ఈజ్ క్లోజ్డ్ టుడే." వేర్ వాడినప్పుడు ఇన్, ఫ్రమ్ వంటివి మళ్లీ చేర్చవద్దు, "ద హౌస్ వేర్ వి లివ్డ్ ఇన్" అన్నది ఒకే పనికి ఇద్దరిని పెట్టడం.

చోటు పేరు కనబడిన ప్రతిసారీ వేర్ రాదు. "మేము ఫొటోలు దిగిన కోట" అంటే కోటలో దిగాం కనుక "ద ఫోర్ట్ / వేర్ వి టుక్ ఫొటోస్ /". "మేము చూసిన కోట" అంటే కోటను చూశాం కనుక "ద ఫోర్ట్ / విచ్ వి సా /". తెలుగు పూర్తి వాక్యంలో "లో" వస్తుందా, "ను" వస్తుందా అని అడిగి చూసుకుంటే తేలిపోతుంది.

5. ప్రధాన క్రియ పోయే చోట్లు

5.1 "ఈజ్" మాయం కావడం. "అక్కడ కూర్చున్న అబ్బాయి మా తమ్ముడు" అన్నదాన్ని "ద బాయ్ హూ ఈజ్ సిటింగ్ దేర్ మై బ్రదర్" అని రాస్తారు. క్లాజు లోపల ఒక "ఈజ్" ఉండటంతో పని అయిపోయిందన్న భ్రమ కలుగుతుంది. వేలితో కప్పితే "ద బాయ్ మై బ్రదర్" మిగులుతుంది. సరైన రూపం: "ద బాయ్ / హూ ఈజ్ సిటింగ్ దేర్ / ఈజ్ మై బ్రదర్."

5.2 కర్త రెండుసార్లు రావడం. "ద లేడీ హూ కేమ్ యెస్టర్డే షి ఈజ్ మై ఆంట్." క్లాజు పొడవుగా ఉన్నప్పుడు కర్తను మరచిపోతామేమోనన్న భయంతో మళ్లీ ఒక సర్వనామం చేరుస్తాం. మాట్లాడేటప్పుడు చెవులు సర్దుకుంటాయి కానీ రాతలో ఇది తప్పే. "షి" కొట్టివేయాలి.

5.3 "ఎవరైతే... వాళ్లు" అన్న మూస. "ఎవరైతే కష్టపడతారో వాళ్లు పాసవుతారు" అన్నదాన్ని "హూ వర్క్స్ హార్డ్, దే విల్ పాస్" అనడం పరిపాటి. హూ ముందు ఒక నామవాచకమో, సర్వనామమో ఉండాలి: "దోజ్ / హూ వర్క్ హార్డ్ / విల్ పాస్." లేదా "హూఎవర్ వర్క్స్ హార్డ్ విల్ పాస్."

5.4 వాక్యం క్లాజుతోనే ఆగిపోవడం. "ద క్యాండిడేట్స్ హూ హ్యావ్ అప్లైడ్ ఆన్‌లైన్ బిఫోర్ ద లాస్ట్ డేట్." పొడవుగా ఉంది, చివర ఫుల్‌స్టాప్ ఉంది, కానీ ఆ అభ్యర్థులు ఏం చేశారో, వారికి ఏం జరుగుతుందో లేదు. నోటీసులు తయారుచేసేవారు దీన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి.

5.5 వచ్చినవాడు, వచ్చినవాళ్లు, చెప్పింది. తెలుగులో నామవాచకం లేకుండానే ఈ మాటలు కర్తలవుతాయి. ఇంగ్లీషులో వాటికి తగిన ఆధారం వెతకాలి.

- వచ్చినవాడు మా తమ్ముడు: "ద వన్ / హూ కేమ్ / ఈజ్ మై బ్రదర్."
- వచ్చినవాళ్లు వెళ్లిపోయారు: "దోజ్ / హూ కేమ్ / హ్యావ్ లెఫ్ట్."
- అతను చెప్పింది నిజం: "వాట్ హి సెడ్ ఈజ్ ట్రూ."

మూడవదానిలో వాట్ ముందు నామవాచకం లేదు, అక్కడ అది సరైనదే. నామవాచకం ఉన్నప్పుడు మాత్రం వాట్ రాదు; "ద బుక్ వాట్ ఐ బాట్" అనకుండా "ద బుక్ / దట్ ఐ బాట్ /" అనాలి.

6. వచనం, కాలం

వచ్చిన అబ్బాయి, వచ్చిన అమ్మాయి, వచ్చిన పిల్లలు. "వచ్చిన" ఎక్కడా మారదు. అందువల్ల వర్ణనలోని క్రియకు వచనం ఉంటుందన్న స్పృహ మనకు సహజంగా ఉండదు. ఇంగ్లీషులో క్లాజు లోపలి క్రియ తన ముందున్న నామవాచకాన్ని అనుసరిస్తుంది, బయటి క్రియ ప్రధాన కర్తను అనుసరిస్తుంది. అవి రెండూ ఒకటే కాకపోవచ్చు.

- "ద లిస్ట్ ఆఫ్ స్టూడెంట్స్ / హూ వర్ సెలెక్టెడ్ / ఈజ్ ఆన్ ద నోటీస్ బోర్డ్." ఎంపికైంది విద్యార్థులు, బోర్డు మీద ఉన్నది జాబితా.
- "వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ / హూ వర్ ఆబ్సెంట్ / హ్యాజ్ సెంట్ ఎ లెటర్." రానిది చాలామంది, ఉత్తరం పంపింది ఒకరు.

కాలం విషయంలో తెలుగు రూపాన్ని చూసి తొందరపడకూడదు. "రోజూ వచ్చే లెక్చరర్" అన్నప్పుడు "హూ కమ్స్ ఎవ్రీ డే", "రేపు వచ్చే లెక్చరర్" అన్నప్పుడు "హూ ఈజ్ కమింగ్ టుమారో". "రాని" అన్న వ్యతిరేక రూపంలోనైతే కాలమే కనబడదు. "రానివాళ్లు" అంటే నిన్న రానివాళ్లా, ఎప్పుడూ రానివాళ్లా, రేపు రాబోనివాళ్లా అన్నది తేల్చుకున్న తరువాతే డిడ్ నాట్, డు నాట్, విల్ నాట్ లలో ఒకటి ఎంచుకోవాలి.

క్లాజు కాలం, ప్రధాన క్రియ కాలం కలవాలన్న నియమం లేదు. "ద డాక్టర్ / హూ ట్రీటెడ్ మై ఫాదర్ / ఈజ్ రిటైరింగ్ నెక్స్ట్ మంత్" అన్న వాక్యంలో చికిత్స గతంలోది, రిటైర్మెంటు రాబోయేది.

7. కామాలు

"హైదరాబాద్‌లో ఉండే మా అన్నయ్య ఇంజినీరు" అన్నప్పుడు నాకు ఎంతమంది అన్నయ్యలో తెలుగు వాక్యం చెప్పదు. ఇంగ్లీషులో కామాలు చెప్పేస్తాయి.

- "మై బ్రదర్ / హూ లివ్స్ ఇన్ హైదరాబాద్ / ఈజ్ యాన్ ఇంజినీర్." అన్నయ్యలు ఒకరికంటే ఎక్కువమంది, వారిలో హైదరాబాద్ అన్నయ్య గురించి చెబుతున్నాను.
- "మై బ్రదర్, / హూ లివ్స్ ఇన్ హైదరాబాద్, / ఈజ్ యాన్ ఇంజినీర్." ఉన్నది ఒక్కరే, నివాసం అదనపు సమాచారం.

పరీక్ష హాలులో ఈ తేడా మరింత స్పష్టంగా కనబడుతుంది. "ద స్టూడెంట్స్ / హూ హ్యాడ్ ఫినిష్డ్ / లెఫ్ట్ ద హాల్" అంటే రాయడం ముగించినవారు మాత్రమే వెళ్లారు, మిగతావారు ఇంకా రాస్తున్నారు. కామాలు పెడితే అందరూ ముగించారు, అందరూ వెళ్లారు.

నిర్ణయించుకోవడానికి ఒక ప్రశ్న చాలు: క్లాజు తీసివేస్తే ఎవరి గురించో, దేని గురించో తెలుస్తుందా? తెలిస్తే కామాలు పెట్టాలి, తెలియకపోతే పెట్టకూడదు. ఈ లెక్కన మనుషుల పేర్లకు, ఊళ్ల పేర్లకు, నదుల పేర్లకు దాదాపు ఎప్పుడూ కామాలు వస్తాయి.

- "చార్మినార్, / విచ్ వజ్ బిల్ట్ ఇన్ 1591, / స్టాండ్స్ ఇన్ ది ఓల్డ్ సిటీ."
- "ద గోదావరి, / విచ్ రైజెస్ ఇన్ మహారాష్ట్ర, / ఫ్లోజ్ ఇన్‌టు ద బే ఆఫ్ బెంగాల్."
- "సి.పి. బ్రౌన్, / హూ వజ్ బార్న్ ఇన్ 1798, / కంపైల్డ్ ఎ తెలుగు డిక్షనరీ."

జాగ్రత్తలు మూడు. కామాలు రెండూ ఉండాలి. మొదటిది పెట్టి రెండవది మరచిపోవడం చాలా ఎక్కువ. కామా తరువాత దట్ రాదు, హూ లేదా విచ్ మాత్రమే రావాలి. కామాలున్న క్లాజులో సర్వనామాన్ని వదిలేయడం ఎప్పుడూ కుదరదు.

8. క్లాజును కుదించడం

"గోడ మీద వేలాడుతున్న గడియారం ఆగిపోయింది" అన్నదాన్ని "ద క్లాక్ / విచ్ ఈజ్ హ్యాంగింగ్ ఆన్ ద వాల్ / హ్యాజ్ స్టాప్డ్" అని కాకుండా "ద క్లాక్ / హ్యాంగింగ్ ఆన్ ద వాల్ / హ్యాజ్ స్టాప్డ్" అని కూడా రాయవచ్చు. ఇది తెలుగు వాడుకకు దగ్గరగా ఉన్నందున మనవారికి త్వరగా పట్టుబడుతుంది, అంతే త్వరగా అతి అవుతుంది.

పని చేసేది ఆ కర్తే అయి, ఆ పని సాగుతూ ఉంటే ఇంగ్ రూపం. పని ఆ కర్త మీద జరిగితే క్రియ మూడవ రూపం: "ద లెటర్స్ / సెంట్ బై పోస్ట్ / హ్యావ్ నాట్ అరైవ్డ్."

కుదించకూడని చోట్లు రెండు. "నిన్న వచ్చిన అబ్బాయి" వంటి, కర్త తానే ఒక్కసారి చేసి ముగించిన పనికి కుదింపు లేదు. "ద బాయ్ కమింగ్ యెస్టర్డే" అనకుండా "హూ కేమ్ యెస్టర్డే" అని పూర్తిగా రాయాలి. రెండవది కలిగి ఉండటం. రెండు షాపులున్న మనిషిని "ద మ్యాన్ హ్యావింగ్ టూ షాప్స్" అనే ధోరణి మన ఆఫీసు కాగితాలలో స్థిరపడిపోయింది. "ద మ్యాన్ / హూ హ్యాజ్ టూ షాప్స్ /" అన్నదే సాఫీగా ఉంటుంది.

9. పొడవు, పొరుగు

క్లాజు తనకు సరిగ్గా ముందున్న నామవాచకాన్ని పట్టుకుంటుంది. "రాత్రంతా మొరిగే మా పక్కింటాయన కుక్క" అన్నదాన్ని "ద డాగ్ ఆఫ్ మై నెయిబర్ హూ బార్క్స్ ఆల్ నైట్" అని రాస్తే మొరిగేది పక్కింటాయనే అవుతాడు. నిజానికి మన తెలుగు మాటలో కూడా కొంచెం ఆ ప్రమాదం ఉంది, కానీ నవ్వి ఊరుకుంటాం. కుక్కను క్లాజు పక్కకు జరపండి: "మై నెయిబర్స్ డాగ్, / విచ్ బార్క్స్ ఆల్ నైట్, / హ్యాజ్ బీన్ టేకెన్ అవే."

తెలుగులో నామవాచకానికి ముందు ఎన్ని వర్ణనలైనా వరుసగా పేర్చవచ్చు. అదే పనిని ఇంగ్లీషులో కర్త తరువాత చేస్తే ప్రధాన క్రియ వచ్చేసరికి పాఠకుడు కర్తను మరచిపోతాడు. ఒక కర్తకు ఒక క్లాజు చాలు. రెండవ వర్ణన ఉంటే దాన్ని తరువాతి వాక్యంగా రాయండి. క్లాజు పదిపన్నెండు మాటలు దాటి, ప్రధాన వాక్యంలో "ఈజ్ గుడ్" వంటి రెండు మాటలే మిగిలితే వాక్యం తల బరువెక్కిందని గుర్తించి, విడదీయండి.

రాసిన తరువాత చివరి తనిఖీ:

- క్లాజును కప్పితే మిగిలింది పూర్తి వాక్యమేనా?
- కర్త మళ్లీ హి, షి, ఇట్, దే రూపంలో తిరిగి రాలేదు కదా?
- టు, ఇన్, ఫ్రమ్, ఫర్ వంటివి ఉండవలసిన చోట ఉన్నాయా?
- లోపలి క్రియ, బయటి క్రియ తమ తమ కర్తల వచనాన్ని అనుసరించాయా?
- కామాలు ఉంటే రెండూ ఉన్నాయా, వాటి తరువాత దట్ లేదు కదా?
- క్లాజు సరైన నామవాచకం పక్కనే ఉందా?

10. సాధన

ఈ ఐదు వాక్యాలను ముందుగా రెండేసి వాక్యాలుగా విడదీసి, తరువాత కలిపి రాయండి.

1. రోజూ మా వీధిలోకి వచ్చే పాలబ్బాయి ఈరోజు రాలేదు.
2. మీరు మాట్లాడుతున్న ఆవిడ మా ప్రిన్సిపాల్.
3. ఫీజు కట్టని విద్యార్థులకు హాల్ టికెట్లు ఇవ్వరు.
4. మా నాన్న కట్టించిన ఇంటిని అద్దెకు ఇచ్చాం.
5. జీతాలు రాని ఉద్యోగులు సమ్మెలో ఉన్నారు.

జవాబులు:

1. "ద మిల్క్ బాయ్ / హూ కమ్స్ టు అవర్ స్ట్రీట్ ఎవ్రీ డే / డిడ్ నాట్ కమ్ టుడే." లోపలి క్రియ అలవాటును, బయటి క్రియ ఈ ఒక్కరోజును చెబుతాయి.
2. "ద లేడీ / యు ఆర్ టాకింగ్ టు / ఈజ్ అవర్ ప్రిన్సిపల్." టు, ఈజ్ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.
3. "స్టూడెంట్స్ / హూ హ్యావ్ నాట్ పెయిడ్ ద ఫీ / విల్ నాట్ బి గివెన్ హాల్ టికెట్స్." తెలుగులో "విద్యార్థులకు" అన్నది కర్త కాదు. ఇంగ్లీషులో క్రియను పాసివ్‌లోకి, అంటే కర్మణి ప్రయోగంలోకి, మార్చి వారిని కర్తను చేశాం.
4. "ద హౌస్ / మై ఫాదర్ బిల్ట్ / హ్యాజ్ బీన్ రెంటెడ్ అవుట్." ఇక్కడ కూడా "ఇంటిని" అన్న కర్మ పాసివ్ ద్వారా కర్త స్థానానికి వచ్చింది. దట్ చేర్చినా తప్పు లేదు.
5. "ది ఎంప్లాయీస్ / హూజ్ శాలరీస్ హ్యావ్ నాట్ బీన్ పెయిడ్ / ఆర్ ఆన్ స్ట్రైక్." కామాలు పెట్టలేదు కనుక జీతాలు రానివారు మాత్రమే సమ్మెలో ఉన్నారని అర్థం, ఉద్యోగులెవరికీ జీతాలు రాకపోయి ఉంటే రెండు కామాలూ పెట్టాలి.